బంతిపూలు కట్టిన తాడు

ఆ ఉదయం ఆకాశం కిందికి దిగి మా యార్డులో కూర్చుంది. పుష్యమాసపు మంచు. పైన ఏముందో కింద ఏముందో తేడా తెలియడం లేదు. కాటా దగ్గర నిలబడితే నా చెయ్యి మోచేతి వరకే కనిపించింది. బెల్లం దిమ్మలు దింపుతున్న కళాసీలు ఒకరినొకరు గుద్దుకుని తిట్టుకుంటున్నారు. ఒక ఆటో నెమ్మదిగా వెళ్లి నీళ్ల తొట్టెకు తగిలి ఆగింది.

ఆ మంచులోంచి ఒక మనిషి తిన్నగా నడిచి వచ్చాడు. దేన్నీ గుద్దలేదు. చేతిలో వెదురుకర్ర ఉంది గాని దాన్ని అంతగా నేలకు ఆనించడం లేదు. నా ముందుకొచ్చి ఆగాడు.

"కాటా పోలినాయుడివి నువ్వే కదేటి బావా?"

"నానే. ఎలాగ తెలిసిందేటి?"

"కాటా గొలుసు సప్పుడు అవుతంది. దాని పక్కన ఎవులో సుట్ట కాలుస్తన్నారు. ఇంత పొద్దున్నే నిలబడి తీరిగ్గా సుట్ట కాల్చుకునేది కాటా మనిషొక్కడే."

అలా వచ్చాడు బొద్దపు గంగునాయుడు. ఆరో ఏట రెండు కళ్లూ పోయాయి. ఇరవై రెండేళ్లు గానుగల దగ్గర పాకం మనిషిగా బతికాడు. పెనంలో పాకం పొంగే చప్పుడు విని ఎప్పుడు దింపాలో చెప్పేవాడు. అతను చెప్పాక దింపిన బెల్లం పాడయిందని ఎవరూ అనలేదు. ఇప్పుడు ఊళ్లలో గానుగలు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. మా బెల్లం సహకార సంఘంలో ఒక ఉద్యోగం తప్పనిసరిగా వికలాంగుడికి ఇవ్వాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఇచ్చారు. పేరు నాణ్యత సహాయకుడు.

పని చిన్నదే. ఒక్కో రైతు తెచ్చిన దిమ్మల కుప్పను లాటు అంటాం. ప్రతి లాటునూ చూసి మొదటి రకమో, రెండో రకమో, మూడో రకమో తేల్చాలి. దాన్నిబట్టే వేలం. ఇన్నాళ్లూ రంగు చూసి తేల్చేవారు. తెల్లగా ఉంటే మొదటి రకం. అందుకని కొందరు పాకంలో తెల్లబరిచే పొడి ఒకటి చల్లడం నేర్చుకున్నారు. దాని పేరు అందరికీ తెలుసు. ఎవరూ పలకరు.

గంగునాయుడు జేబులోంచి కాగితం తీసి నాచేత రెండుసార్లు చదివించుకున్నాడు. తొంభై రోజులు ప్రయత్న కాలం. ఆలోగా వంద లాట్లకు రకం తేల్చాలి. లేకపోతే ఉద్యోగం దానంతటదే రద్దు.

"వందేనా?"

"వందే."

"వారం పని," అని నవ్వాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ, "ఇది నిలిస్తే లచ్చమ్మ ఈ ఏడు నుంచి కోతకి ఎల్లక్కర్లేదు బావా," అన్నాడు. లచ్చమ్మ అతని పెళ్లాం. ఏటా చెరుకు కోత ముఠాతో పైజిల్లాలకు పోతుంది. నాలుగు నెలలు ఇంట్లో ఇతనొక్కడే.

ఆఫీసు తలుపు ఇంకా తియ్యలేదు. ముందు వరసలో సన్యాసమ్మ తన దిమ్మల పక్కన గొంతుక్కూర్చుని ఉంది. డెబ్బై దగ్గర పడిన మనిషి. ఆవిడ బెల్లం నల్లన. నోరు మిరపకాయ.

"ఓరి గంగులా! నువ్వేట్రా ఇక్కడ? గవర్మెంటోడివి అయిపోయేవా?"

"అవ్వబోతన్నానే అప్పా. నీ దిమ్మొకటి ఇలాగియ్యి."

దిమ్మను వేలి కణుపుతో రెండుసార్లు కొట్టి చెవి దగ్గర పెట్టాడు. అంచు మీద బొటనవేలి గోరు నొక్కాడు. రాలిన పలుకును నాలిక మీద వేసుకున్నాడు.

"నిన్న మజ్జానం దింపీసేవు. ఆకరి పెనం. సున్నం సిటికెడు ఎక్కువయింది. అయినా మొదటి రకమే."

"ఆకరి పెనమని నీకెవుడు సెప్పేడ్రా!" అంది సన్యాసమ్మ. కోపంగానే అంది గాని కొంగుతో మూతి తుడుచుకుంది.

పక్క లాటు మల్లెపువ్వులా ఉంది. గంగునాయుడు కొట్టాడు, నొక్కాడు. నాలిక మీద వేసుకోలేదు. "ఇది తినకండి," అన్నాడు. ఆ లాటు తాలూకు మనిషి మంచులో కలిసిపోయాడు.

ఆ రెండు లాట్లూ లెక్కలోకి రాలేదు. గంగునాయుడు ఉద్యోగంలో చేరినట్టు వేలిముద్ర పడింది మధ్యాహ్నం.

మా సెక్రటరీ విశ్వంభరరావు గారు మంచి మనిషి. పైనుంచి ఏది వచ్చినా కళ్లకద్దుకుని అమలు చేస్తారు. ఈసారి పైనుంచి ఒక పుస్తకం వచ్చింది. నిగనిగలాడే అట్ట. "దివ్యాంగుల నియామకం: యజమానులు తెలుసుకోవలసిన నలభై ఒక్క విషయాలు." గంగునాయుణ్ణి ఎదురుగా బల్ల మీద కూర్చోబెట్టి, నన్ను పక్కన నిలబెట్టి, మొదటి విషయం పైకి చదివారు.

"ఉద్యోగికి ఏమి అవసరమో ముందుగా ఆ ఉద్యోగినే అడగండి."

పుస్తకం దించి గంగునాయుడి వైపు చూశారు. గంగునాయుడు చెప్పడానికి నోరు తెరిచాడు.

"ఆగండి," అన్నారు సెక్రటరీ గారు. "ఇలా నోటిమాటగా అడిగితే అడిగినట్టు ఆధారమేముంటుంది? లిఖితపూర్వకంగా అడగాలి."

ప్రశ్నల పత్రం నగరం నుంచి రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. అరవై రెండు ప్రశ్నలు. పదిహేడో ప్రశ్న: ఈ ప్రశ్నను మీరు చదవగలుగుతున్నారా? లేనిచో కారణము రాయండి. ముప్పై ఒకటో ప్రశ్న: మీ గది గోడలకు మీరు కోరుకునే రంగు ఏది?

నేను చదివి వినిపించబోయాను. సెక్రటరీ గారు పత్రం లాక్కున్నారు. "అన్యుల ప్రభావం పడకూడదు పోలినాయుడూ. ఉద్యోగి స్వేచ్ఛగా, ఏకాంతంగా, స్వహస్తంతో పూరించాలి." నాలుగు రోజులయ్యాక ఖాళీగా ఉన్న ఆ పత్రాన్నే తీసుకుని కింద ఎర్రసిరాతో రాశారు: "తనకు ఏ అవసరమూ లేదని ఉద్యోగి తెలియజేసినాడు." పుస్తకంలో మొదటి విషయం పక్కన టిక్కు పడింది.

"పనేదో సూపించండి బాబూ, సేసుకుంటాను," అన్నాడు గంగునాయుడు.

"పనికి తొందరేముంది నాయుడు గారూ? మీరు సిద్ధంగా ఉన్నారు, సరే. మేము సిద్ధం కావద్దూ?"

వాళ్లను సిద్ధం చెయ్యడానికి నగరం నుంచి సలహాదారు వచ్చాడు. పేరు ప్రణవేంద్ర. నలిగిన ఖరీదైన చొక్కా, మెల్లని గొంతు. ఎవరు మాట్లాడినా తల పక్కకు వాల్చి వింటాడు, విన్నట్టు మాత్రం ఎప్పుడూ కనిపించలేదు. కళాసీలకు, గుమాస్తాలకు రెండు రోజులు తరగతులు పెట్టాడు. గుడ్డి అనే మాట యార్డులో వినపడకూడదన్నాడు. అది న్యాయమే అనుకున్నాను. గంగులు అని పిలవడం కూడా చనువు ముసుగులో చిన్నచూపేనన్నాడు. ఇక మీదట "దృష్టిపరంగా భిన్న సమర్థులైన సహోద్యోగి గారూ" అనాలి.

మూడో రోజు కళాసీ అప్పలస్వామి నెత్తి మీద దిమ్మతో వస్తున్నాడు. దారిలో గంగునాయుడు. మామూలుగా అయితే "తప్పుకో గంగులా!" అని ఒక్క కేక వేసేవాడు. తరగతులు గుర్తొచ్చాయి. "దృష్టిపరంగా భిన్న..." అని మొదలుపెట్టాడు. సమర్థులు దాకా వచ్చేసరికి దిమ్మ జారి అతని పాదం మీదే పడింది. అప్పలస్వామి తర్వాత అన్న మాటలు తరగతుల్లో చెప్పినవి కావు.

దీని మీద విచారణ జరిగింది. అరుపుల వల్లే ఇదంతా అని తేలింది. "చూపు లేనివారి చెవులు అతి సున్నితమైనవి," అన్నాడు ప్రణవేంద్ర. "ఈ కర్కశ ధ్వనులు వారి అంతరంగాన్ని గాయపరుస్తాయి. ఇరవై రెండో విషయం: ప్రశాంత వాతావరణం." గేటు దగ్గరా, రేకుల షెడ్డులోనూ బోర్డులు వేలాడదీశారు. నిశ్శబ్దం. వేలంపాట వేళ్లతో జరగాలన్నారు. కాటా గొలుసుకు గుడ్డ చుట్టారు. టీ కొట్టువాడు గ్లాసులో చెంచా తిప్పకూడదు.

గంగునాయుడి యార్డంతా చప్పుళ్లతోనే కట్టి ఉంది. గొలుసు మోగినచోట కాటా. చెంచా మోగినచోట టీ కొట్టు. కేక వినపడినచోట మనిషి. నిశ్శబ్దం పెట్టిన రోజున ఆ యార్డును ఎవరో ఎత్తుకుపోయినట్టయింది అతనికి. మంచులో తిన్నగా నడిచి వచ్చినవాడు పట్టపగలు స్తంభానికి గుద్దుకున్నాడు.

రెండో రోజు తడుముకుంటూ, లాట్లు పేర్చి రకం తేల్చే అరుగు దగ్గరికి వచ్చాడు. అరుగు మీద బస్తాలకు ఆనుకుని పెద్ద షావుకారు కూర్చుని ఉన్నాడు. ఆయన పొట్ట ఆయనకన్నా ముందుంటుంది. మాట్లాడకూడదు కనక ఆయన మాట్లాడలేదు. గంగునాయుడు ఆ పొట్ట మీద వేలి కణుపుతో రెండుసార్లు కొట్టాడు. చెవి పెట్టి విన్నాడు. బొటనవేలితో నొక్కాడు.

"ఇది ఇంకా ఆరలేదు," అన్నాడు. "లోపలంతా పచ్చే. మూడో రకం."

నవ్వకూడదు కనక కళాసీలు స్తంభాల చాటుకు పోయారు. భుజాలు మాత్రం కదులుతున్నాయి. తర్వాత నేను అడిగాను, "నిజంగానే దిమ్మనుకున్నావేటి?"

"కిళ్లీ వాసనేసే దిమ్మ ఎక్కడుంటదేటి బావా?"

షావుకారు ఫిర్యాదు రాసిచ్చాడు. "ఉద్యోగి దిశాభ్రమకు గురవుతున్నాడు" అని సెక్రటరీ గారు నమోదు చేశారు. భద్రత కోసం చక్రాల కుర్చీ తెప్పించారు. కాళ్లు బాగానే ఉన్నాయి కదండీ అన్నాను. "సామగ్రి అందరికీ ఒకటే వస్తుంది," అన్నారు. రకం తేల్చడానికి గుమాస్తాలు వాడే రంగుల పట్టీని చేత్తో తడిమి చదివే చుక్కల్లో అచ్చు వేయించారు. తెలుపుకు కొన్ని చుక్కలు, ఎరుపుకు కొన్ని, నలుపుకు కొన్ని. బడి ముఖం చూడని గంగునాయుడు దాన్ని ఒకసారి తడిమి చూశాడు.

"పాపం, కాయితానికి ఆటలమ్మ పోసిందేటండీ?"

అప్పటికి యాభై రోజులు గడిచాయి. రకాలు ఎప్పటిలా రంగు చూసి గుమాస్తాలే తేలుస్తున్నారు. గంగునాయుడు తేల్చిన లాట్లు సున్న.

ప్రణవేంద్ర సూచన మీద సిబ్బంది అంతా అనుభవ గంట జరుపుకున్నారు. గంగునాయుడి కష్టం తామూ అనుభవించాలని. ఉదయం పది నుంచి పదకొండు దాకా అందరూ కళ్లకు నల్లగుడ్డలు కట్టుకున్నారు. కాటా ఆగకూడదని నన్ను వదిలేశారు. సెక్రటరీ గారు నాలుగు అడుగులు వేసి క్యాలెండరును తలుపనుకుని తోశారు. పెద్ద గుమాస్తా నీళ్ల సీసా అనుకుని జిగురు సీసా ఎత్తాడు. చిన్న గుమాస్తా బల్ల మీద సంతకం పెట్టాడు. ప్రణవేంద్ర మెట్లు ఎక్కుతున్నాననుకుని చాలాసేపు ఒకచోటే కాళ్లు ఎత్తుతూ నిలబడ్డాడు.

గంగునాయుడు లేచి ఒక్కొక్కరి చెయ్యీ పట్టుకుని తీసుకొచ్చి బెంచీ మీద కూర్చోబెట్టాడు. కుండలో నీళ్లు ముంచి అందరికీ ఇచ్చాడు. జిగురు తాగినతనికి రెండు గ్లాసులు ఇచ్చాడు. ఆ గంటలో ఆఫీసులో పనంటూ చేసింది అతనొక్కడే.

పదకొండింటికి గుడ్డలు విప్పారు. సెక్రటరీ గారి కళ్లు చెమ్మగిల్లాయి. సమావేశం పెట్టి తీర్మానం రాయించారు: "ఒక్క గంట కూడా మేము ఏ పనీ చేయజాలకపోతిమి. జీవితమంతయూ ఇట్లే ఉన్న మనిషి ఏమి చేయగలడు? కావున ఆయనను పని నుండి మినహాయించుటయే ఆయనకు మేమిచ్చు గౌరవము." మర్నాటి నుంచి గంగునాయుడికి ఆఫీసు గదిలో దిండు వేసిన కుర్చీ. బయటి దృశ్యం బాగుంటుందని కిటికీ పక్కన వేశారు.

డెబ్బై రోజులు అయ్యేసరికి మెమో వచ్చింది. నిర్ణీత లక్ష్యంలో ఎటువంటి ప్రగతీ లేనందుకు సంజాయిషీ ఇవ్వాలి.

"సెయ్యనియ్యకుండా సెయ్యలేదంటే ఎలాగండి బాబూ?"

"మినహాయింపు వేరు, లక్ష్యం వేరు నాయుడు గారూ," అన్నారు సెక్రటరీ గారు ఓర్పుగా. "రెండూ మీ మేలు కోరి పెట్టినవే. ఒకదానితో ఒకటి కలపకూడదు."

గంగునాయుడు లేచి నిలబడ్డాడు. అతను గొంతు పెంచగా నేను వినడం అదే మొదటిసారి. "నాకేటి కావాలో నానొక్కసారి సెప్తానండి. ఒక తాడు కట్టించండి. గేటు కాడ్నుంచి కాటా దాకా, కాటా కాడ్నుంచి అరుగు దాకా. కొబ్బరితాడు సాలు. అది పట్టుకుని ఎల్తాను, నా పని సేసుకుంటాను. ఇంకేటీ వద్దు."

ప్రణవేంద్ర తల నిటారుగా అయింది. "తాడా? మనిషికి తాడా? పశువులకు కడతారు తాడు! ఇంత అవమానాన్ని మీరే ఎలా కోరుకోగలుగుతున్నారు?"

"నాకు కట్టమన్లేదండి. స్తంభాలకి కట్టమన్నాను."

సెక్రటరీ గారు పుస్తకం మొదటి నుంచి చివరిదాకా తిరగేశారు. "నలభై ఒక్క విషయాల్లో తాడు లేదు," అన్నారు.

ఎనభై ఒకటో రోజున సెక్రటరీ గారు, ప్రణవేంద్ర, పెద్దలిద్దరూ శిక్షణకు కొండమీది ఊరికి వెళ్లారు. ఏడు రోజులు. వికలాంగులకు ఉద్యోగాలివ్వడంలో మేలైన పద్ధతుల మీద. చిన్న గుమాస్తాకు ఆఫీసు అప్పగించారు. అతనికి ఫోను తప్ప వేరే పని తెలియదు.

వాళ్ల కారు మలుపు తిరగ్గానే నేను కొబ్బరితాడు తెచ్చాను. గేటు స్తంభానికి కట్టి, కాటా మీదుగా అరుగు దాకా నడుమెత్తున బిగించాను. కాటా దగ్గర ఒక ముడి, నీళ్లకుండ దగ్గర రెండు ముళ్లు, అరుగు దగ్గర మూడు. కాటా గొలుసుకు చుట్టిన గుడ్డ విప్పేశాను. షెడ్డులో బోర్డును గోడ వైపు తిప్పాను. కళాసీలు అది చూసి ఒక్కసారిగా అరవడం మొదలుపెట్టారు. రెండు నెలల అరుపులు లోపల నిల్వ ఉన్నాయేమో.

"తప్పుకో గంగులా! దిమ్మొస్తంది!"

గంగునాయుడు తాడు పట్టుకుని నిలబడి మొహం పైకెత్తాడు. "అమ్మయ్య," అన్నాడు. "యార్డు ఇక్కడే ఉందిరోయ్!"

మొదటి రోజు పద్నాలుగు లాట్లు తేల్చాడు. అతను చెప్పేవాడు, నేను పుస్తకంలో రాసి రైతుచేత వేలిముద్ర వేయించేవాణ్ణి. నల్ల బెల్లాలు కొన్ని మొదటి రకం అయ్యాయి. మల్లెపూల బెల్లాలు మూడో రకానికి దిగాయి. ఒక మోతుబరి తెల్లటి దిమ్మ పట్టుకుని మీద పడ్డాడు.

"రంగేటో కనపడనోడివి నువ్వు నాకు రకం సెప్తావేటి?"

"కనపడదు కనకే నువ్వు నన్ను మోసం సెయ్యలేకపోతన్నావు. కళ్లున్నోడి కాడికి అట్టుకెళ్లు."

ఏడో రోజు సాయంత్రానికి తొంభై ఏడు. యార్డులో ఇంక లాటు లేదు. కొత్త సరుకు దిగడానికి ఇంకా రెండు రోజులు పట్టేలా ఉంది. ఊళ్లో అమ్మవారి సంబరం అని బళ్లు రావడం లేదు. సన్యాసమ్మ ఒక్కత్తే మిగిలిన చెరుకు ఆడిస్తోంది.

"మూడు పెనాల సరుకు ఉంది నా కాడ," అంది. "మూడు లాట్లుగా పెట్టీసి ఆకరి రోజు పొద్దున్నే తెస్తాను. నీ వంద నాది."

ముఠా మేస్త్రీ అప్పటికే లచ్చమ్మకు రెండుసార్లు కబురు పెట్టాడు. కోత చివరి విడతకు మనిషి కావాలని. తొంభయ్యో రోజు దాటాక చెప్తానని ఆమె ఆపింది.

శిక్షణ నుంచి పెద్దలు ఎనభై తొమ్మిదో రోజు చీకటిపడ్డాక చల్లగా తిరిగొచ్చారు. నలభై ఒక్క విషయాల పక్కనా టిక్కులు పడ్డాయి కనక మా సంఘానికి ఆదర్శ సమ్మిళిత యార్డు అనే బిరుదు వచ్చిందని చెప్పారు. సభ మర్నాడే, తొంభయ్యో రోజున. జాయింటు రిజిస్ట్రారు గారు వస్తారు. అరుగుకు సమ్మిళిత నాణ్యతా వేదిక అని పేరు పెట్టి ప్రారంభిస్తారు. నేను పుస్తకం చూపించి ఇంక మూడే లాట్లని చెప్పాను. సెక్రటరీ గారు ఆలోచించారు.

"అతిథి సమక్షంలో తేలుస్తాడు. గేటు దగ్గర్నుంచి స్వయంగా నడిచి వస్తాడు. స్వావలంబన ప్రదర్శన. ఫోటోలకు కూడా బాగుంటుంది."

నాకు ఆ రాత్రి బాగా నిద్ర పట్టింది.

పొద్దున్నే వచ్చేసరికి అలంకరణ వాళ్లు తాడు పొడుగునా బంతిపూల దండలు చుట్టారు. ఖాళీ తాడు కనిపిస్తే వాళ్లు మాత్రం ఊరుకుంటారా? ప్రణవేంద్ర పూలు చూసి సంతోషించాడు, లోపల తాడుందని చూడలేదు. పూలున్నాయి కనక ఈ పూటకు తాడు జోలికి ఎవరూ రారని నేనూ సంతోషించాను. బోర్డును మళ్లీ ఇటు తిప్పారు. సన్యాసమ్మ మూడు లాట్లూ అరుగు మీద పెట్టించుకుని కొత్త చీర కట్టుకుని కూర్చుంది. లచ్చమ్మ అన్నం గిన్నె చంకనెట్టుకుని గేటు పక్కన నిలబడింది.

పదింటికి జాయింటు రిజిస్ట్రారు గారు కారు దిగారు. బ్యాండు మొదలైంది. గేటు దగ్గర గంగునాయుడు తాడు పట్టుకుని బయలుదేరాడు. ఎర్ర రిబ్బను అరుగు మెట్ల దగ్గర కట్టి ఉంది. కాని అయ్యగారు పక్క దారిన కాటా వైపు నుంచి వచ్చారు. ఆయన పొట్టకు అడ్డంగా బంతిపూల దండ కనిపించింది. ఆయన ఆగారు. ఉద్యోగం మొత్తంలో పూలు కట్టినది అడ్డం వస్తే ఏం చెయ్యాలో ఆయనకు ఒక్కటే తెలుసు. వెనక్కి చెయ్యి చాపారు. పళ్లెంలోంచి కత్తెర చేతిలోకి వచ్చింది.

"ఆగండి బాబూ!" అన్నాను. బ్యాండులో కలిసిపోయింది. రెండోసారి అరిచేసరికి బంట్రోతు వేలు పెదాల మీద పెట్టి బోర్డు చూపించాడు.

కొబ్బరితాడు కత్తెరకు లొంగలేదు. అయ్యగారు మూడుసార్లు నొక్కారు. సెక్రటరీ గారు తాడును అటు లాగి పట్టుకున్నారు. ప్రణవేంద్ర ఇటు లాగి పట్టుకున్నాడు. ఇద్దరి సాయంతో నాలుగోసారి తెగింది. అందరూ చప్పట్లు కొట్టారు.

గంగునాయుడు అప్పటికి సగం దూరం వచ్చాడు. చేతిలో తాడు వదులై నేలకు జారింది. అతను ఆగిపోయాడు. చుట్టూ బ్యాండు. ఏ పక్కనుంచి ఏ చప్పుడో తెలియడానికి లేదు. చివర పూలు వేలాడుతున్న తాడు పట్టుకుని ఖాళీ నేల మధ్య అలాగే నిలబడ్డాడు. ఫోటోలవాడు దాన్ని చాలా బాగుందన్నాడు.

అయ్యగారు తనే అతని దగ్గరకు నడిచి వెళ్లి శాలువా కప్పారు. మైకు అక్కడికే తెచ్చారు. "మిత్రులారా! ఈ రోజు నేను తెంచింది కేవలం ఒక పూలదండ కాదు. శతాబ్దాలుగా ఈ సోదరుల్ని బంధించిన వివక్ష అనే సంకెల!" ప్రణవేంద్ర కళ్లు తుడుచుకున్నాడు. ఉపన్యాసం గంటంబావు. తర్వాత భోజనాలు. తర్వాత, శుభదినం కనక యార్డు లావాదేవీలన్నీ ఆ రోజుకు బంద్ అని ప్రకటించారు.

నేను సెక్రటరీ గారి కారు తలుపు పట్టుకున్నాను. "బాబూ, మూడు లాట్లు. అయిదు నిముషాలు సాలు. ఇయ్యాలే ఆకరి రోజు."

"పోలినాయుడూ, ఈ రోజు ఆయన సన్మాన గ్రహీత. శాలువా కప్పిన మనిషి చేత పని చేయిస్తామా? అమానుషం. ముప్పై ఎనిమిదో విషయం చదువు."

మూడు గంటలకు గంగునాయుడికి రెండు కాగితాలు ఇచ్చారు. ఒకటి ప్రశంసాపత్రం. రెండోది, తొంభై ఏడు వంద కన్నా తక్కువ కనక ఉద్యోగం నేటితో రద్దు. రెండింటి మీదా ఒకే చోట వేలిముద్ర వేయించుకున్నారు. ఖాళీ అయిన ఆ ఉద్యోగానికి మూడు నెలల్లోగా మరో వికలాంగుణ్ణి వెతకాలని మూడో కాగితం తయారవుతోంది. కుర్చీ మీద దుమ్ము పడకుండా గుడ్డ కప్పారు.

కార్లు వెళ్లిపోయాయి. యార్డులో తొక్కిన బంతిపూలు, ఖాళీ కుర్చీలు, మేము. రేకుల షెడ్డు కింద లచ్చమ్మ గిన్నె దింపింది. అప్పలస్వామి, మరో నలుగురు కళాసీలు తమ క్యారేజీలు తెచ్చుకున్నారు. గంగునాయుడు శాలువా మడిచి పక్కన పెట్టి, తెగిన తాడును చుట్టగా చుడుతున్నాడు.

"ఒరే గంగులా," అంది సన్యాసమ్మ అరుగు మీంచి. "నా దిమ్మలు కొట్టకుండా ఎల్లిపోతావేట్రా?"

"ఇంకేటి అప్పా, అయిపోయింది కదా."

"నీకయిపోయింది. నాకు కాలేదు. రా."

గంగునాయుడు లేచాడు. నేను చెయ్యి పట్టుకోబోతే వద్దన్నాడు. "అప్పా, నువ్వేదో ఒకటి మాటాడతా ఉండు," అన్నాడు. సన్యాసమ్మకు అంతకన్నా ఏం కావాలి? కత్తెర పట్టిన చెయ్యిని, అటూ ఇటూ లాగి పట్టుకున్న నాలుగు చేతుల్ని, ఆ చేతుల్ని కన్నవాళ్లని, నిగనిగలాడే పుస్తకాన్ని, అది అచ్చేసిన మిషనుని వరసగా తిట్టడం మొదలుపెట్టింది. గంగునాయుడు ఆ తిట్లు పట్టుకుని తిన్నగా అరుగు దాకా నడిచాడు. ఎక్కడా తడబడలేదు.

మూడు దిమ్మలూ కొట్టాడు, నొక్కాడు, నాలిక మీద వేసుకున్నాడు.

"ఇది మొదటి రకం. ఇది మొదటి రకం." మూడోదాన్ని మళ్లీ కొట్టాడు. "ఇది రెండో రకమే అప్పా."

"నీ సిగతరగ! ఈ పూట కూడా రెండో రకమేట్రా!"

"పాకం రెండు పొంగులు ముందు దింపీసేవు."

సన్యాసమ్మ కొంగుతో మూతి తుడుచుకుంది. నిజమేనని ఆవిడ మొహంలో ఉంది.

"వంద," అన్నాను నేను. రాయడానికి పుస్తకం ఆఫీసులో ఉంది. ఆఫీసుకు తాళం ఉంది.

అందరం షెడ్డు కింద కూర్చున్నాం. లచ్చమ్మ ఆకులు వేసి అన్నం పెట్టింది. వంకాయ, ఎండురొయ్యలు. కళాసీల క్యారేజీల్లో ఉన్నది కూడా అందులోనే కలిపారు.

"కోత ముఠా బండి ఎన్నింటికేటి?" అన్నాను.

"తెల్లారగట్ట నాలుక్కి," అంది లచ్చమ్మ. గంగునాయుడి ఆకులో ఇంకో గరిటె వేసింది.

మా తలల మీద నిశ్శబ్దం అన్న బోర్డు వేలాడుతోంది. పెట్టిన నాటి నుంచీ దాన్ని ఇష్టపడి పాటించినవాడు లేడు. ఆ పూట మేమందరం పాటించాం. అన్నం అయ్యాక గంగునాయుడు సన్యాసమ్మ దిమ్మలోంచి ముక్కలు విరిచి, చెయ్యి చాపి, ఒక్కొక్కరి ఆకులో ఒక్కొక్కటి పెట్టాడు. ఎవరి ఆకూ తప్పలేదు. తిన్నాం.